తోడు సీసా

"ఆ పెట్టెలు ఎక్కించొద్దు."

కోడలు ఆ మాట అనడం అది మూడోసారి. వ్యాను డ్రైవరు చేతిలో పెట్టెతో అలాగే నిలబడిపోయాడు. ఎక్కించాలో దించాలో తెలియక ఒకసారి ఆవిడ వంక, ఒకసారి ఆవిడ భర్త వంక చూశాడు.

పొద్దున్నే డ్యూటీకి వెళ్లిన మనిషి మధ్యాహ్నమైనా కాకుండా తిరిగొచ్చి, మెడలో ఆస్పత్రి కార్డయినా తీయకుండా, తిన్నగా ఇంటి వెనక షెడ్డులోకి వచ్చి వ్యానుకి అడ్డం నిలబడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అందులోనూ ఆ ఇంట్లో రెండు రోజులుగా ఫోను మోగినా, గేటు చప్పుడైనా అందరూ ఉలిక్కిపడుతూనే ఉన్నారు.

"పాపకేమైనా..." అన్నాడు భర్త. మాట పూర్తి చేసే ధైర్యం చాలలేదు.

"అలాగే ఉంది. ఊపిరి మిషను మీదే ఉంది."

"మరి ఇదేంటి? ఈ సరుకు ఇవాళ వెళ్లాలని నీకు తెలుసుగా."

"తెలుసు."

"తెలిసీ అడ్డం నిలబడితే ఎలా? కారణమైనా చెప్పు."

కోడలు మామగారి వంక చూసింది.

ఆయన షెడ్డు మధ్య బల్ల దగ్గర కూర్చుని పొట్లాల మీద తేదీ ముద్ర వేస్తున్నారు. వీధిలో అందరూ ఆయన్ని పొడాయన అంటారు. ముప్పై ఏళ్లుగా ఆయన తయారుచేస్తున్నది ఒకే ఒక్క పొడి. కడుపు చెడినప్పుడు, ఘాటైన మందులు వాడి పేగులు నీరసించినప్పుడు డాక్టర్లు రాసే చిన్న పొట్లం అది. అందులో ఉండేది ఎండబెట్టిన క్రిమి, అందరి పేగుల్లోనూ కాపురముండే మంచి క్రిమి. ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు, "క్రిముల్ని పట్టుకునే ఆస్పత్రిలో నేను, పెంచి పోషించే ఇంట్లో మీరు, భలే వియ్యం కుదిరింది మావయ్యగారూ" అని కోడలు ఆయన్ని ఆటపట్టించేది. ఆయన పకపకా నవ్వేవారు.

"పాప రక్తంలో మొలిచిన క్రిమి పేరు తెలిసింది," అంది చివరికి.

ఆవిడ పని ఆస్పత్రి ల్యాబులో. రోగుల నెత్తురూ చీమూ గాజుపళ్లేల్లో వేసి, ఏం మొలిచిందో చూసి చెప్పడం. పొద్దున్న ఆ పళ్లెం ఆవిడ చేతికే వచ్చింది. మూత మీద ఆడపడుచు పేరు, దాని కింద 'పాప' అని రాసి ఉంది. ఏడో నెలలోనే పుట్టేసిన పిల్ల. ఇరవై రోజులైనా ఇంకా పేరు పెట్టలేదు. దోసిట్లో పట్టేంత ఉందని తాతగారు గుప్పెడమ్మ అంటుంటే అందరికీ అదే అలవాటైంది. మొన్నటిదాకా కాళ్లు ఆడిస్తూ బాగానే ఉన్న గుప్పెడమ్మ ఉన్నట్టుండి పొట్ట ఉబ్బి, ఒళ్లు నీలంగా మారి, ఊపిరి తీయడం మరిచిపోయింది.

"ఏం పేరు?" అన్నాడు భర్త.

"ఎంటెరోకోకస్."

అతను ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పుకున్నాడు. ఎక్కడో చూసినట్టే ఉంది. బల్ల మీది పొట్లం ఒకటి తీసి, వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలు కళ్ల దగ్గరగా పెట్టుకుని చదివాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి అతని మొహం తేటపడింది.

"ఇది మన పొడిలోదే కదా," అన్నాడు. "హమ్మయ్య. ఏ మాయదారి రోగమో అని చచ్చిపోయాననుకో. మంచి క్రిమేగా. దీనివల్ల ఏమవుతుంది?"

డ్రైవరు పెట్టెను నెమ్మదిగా కింద పెట్టాడు.

"పేరు అదే," అంది కోడలు. "ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా ఒకలాగే ఉంటారా? ఒకడు బళ్లో పంతులు, వాడి బాబాయి కొడుకు జేబుదొంగ. ఇదీ అంతే. పేగులో ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. ఆస్పత్రుల్లో తిరిగి తిరిగి, మందులు తిని తిని మొండికెత్తిన రకం ఇంకోటి ఉంటుంది. అది నెత్తుట్లోకి పోతే మనిషిని మింగుతుంది."

"మనది మంచి రకమేగా మరి?"

పొడాయన చేతిలో ముద్ర గాలిలోనే ఆగింది. తేలు కుట్టిన దొంగ ఒక్కడైతే పక్కవాడైనా అరుస్తాడు. ఇక్కడ కుట్టింది ఇద్దరికీ. ఇద్దరూ కిక్కురుమనలేదు.

"వ్యానుని పొమ్మనరా," అన్నారు పొడాయన కొడుకుతో, తలెత్తకుండానే. "నువ్విలా రామ్మా."

షెడ్డు మూల చల్లగది అని ఒకటుంది. గదంటే గదేం కాదు, ఒక ఫ్రిజ్, ఒక బల్ల, ఒక ఎత్తు పీట, ఇద్దరు నిలబడితే భుజాలు తగులుతాయి. కొడుకు కూడా అడక్కుండా లోపలికి రాడు. ఫ్రిజ్ పై అరలో బొటనవేలంత సీసా ఒకటి ఉంటుంది. దాన్నే ఆ ఇంట్లో తోడు అంటారు. పాలు తోడుపెట్టడానికి నిన్నటి గిన్నెలోంచి ఒక చెంచా దాచుకున్నట్టే, ప్రతి తయారీకీ ఆ సీసాలోంచి రవ్వంత తీసి పెంచుతారు. అది బాగుంటే పొడి బాగుంటుంది.

ఎనిమిది నెలల కిందట ఆ ఫ్రిజ్ పాడైంది. వారం రోజులు ఎవరూ చూసుకోలేదు. చూసుకునేసరికి ముప్పై ఏళ్ల తోడు చచ్చి కుళ్లిపోయి ఉంది. పొడాయన రెండు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అప్పుడు ఆయన్ని చూడలేక కోడలే అంది, "మా ల్యాబు ఫ్రీజర్‌లో ఇదే పేరుతో సీసాలున్నాయి మావయ్యగారూ. పేరు ఒకటే. ఒక్కటి తీస్తే ఎవరికీ తెలీదు." మర్నాడు తిండి డబ్బాలో మంచుముక్కల మధ్య పెట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. వారం తిరక్కుండానే ఆయన పాలు గట్టిగా తోడుకున్న గాజు గొట్టం పట్టుకుని, ఈ గదిలోంచే నవ్వుతూ బయటికి వచ్చారు. తన జన్మలో అంత మంచిపని ఇంకోటి చేయలేదని కోడలు ఆ రోజు పొంగిపోయింది.

ఆ సీసాలోది ఎవరి ఒంట్లోంచి తీసిందో అప్పుడు చూడలేదు. పేరు చూసింది, తెచ్చేసింది. ఇవాళ పొద్దున్న చూసింది.

"పాత రిజిస్టరు తీశాను," అంది తలుపు వేసి. "నేను తెచ్చింది నూట నలభై రెండో సీసా. కిడ్నీ వార్డులో పోయిన ఒక ముసలావిడది. ఇప్పుడు గుప్పెడమ్మకి ఏ మందు ఎక్కిస్తున్నారో, సరిగ్గా ఆ మందుకే అది లొంగదు. దాని పక్కన ఎర్ర సిరాతో గీత కొట్టి ఉంది."

"దేనికీ లొంగదా?"

"ఇంకో మందుంది. దానికి లొంగుతుంది. అదీ రాసుంది."

పొడాయన ఎత్తు పీట మీద కూలబడ్డారు. "రక్తంలోది మన పొడిలోదే అని ఎలా చెప్తావు?"

"ఇరవై రోజుల పిల్ల మావయ్యగారూ. తల్లి పాలు, మన పొడి, ఇంకేం తిందని? నెలలు నిండని పేగు జల్లెడతో సమానం. లోపలున్నది అటు నెత్తుట్లోకి జారిపోవడం ఎంతసేపు?"

"మరి తక్కిన పిల్లలకి ఏం కాలేదే."

మనవరాలు పుట్టిన సంతోషంలో ఆ వార్డులో పిల్లలందరికీ సరిపడా పొట్లాలు ఆయనే ఊరికే ఇచ్చి వచ్చారు. చేతులారా ఇచ్చి వచ్చారు.

"ఇంకా కాలేదు," అంది కోడలు.

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. బయట భర్త డ్రైవరుతో ఏదో సర్దిచెబుతున్న మాటలు లీలగా వినిపిస్తున్నాయి.

"డాక్టరమ్మకి చెప్పాలి," అంది.

"ఏమని?"

"జరిగింది జరిగినట్టు."

"ఏ మందుకి లొంగుతుందో ఆ పరీక్ష ఎటూ చేస్తారుగా?"

"నేనే వేసి వచ్చాను. రేపు మధ్యాహ్నానికి గానీ తేలదు."

"అయితే రేపు మధ్యాహ్నం కాగితం మీద అదే వస్తుంది. చూసి వాళ్లే మందు మారుస్తారు. మధ్యలో నువ్వు నోరు విప్పడం దేనికి? దొంగతనం చేశావంటారు. ఉద్యోగం పోతుంది. జైలంటారో ఏమంటారో. అవన్నీ అటుంచు. రేపు చిట్టి నీ మొహం చూస్తుందా?"

చిట్టి అంటే ఆడపడుచు. ఆస్పత్రిలో ఆ అద్దాల గది బయట కుర్చీకి అతుక్కుపోయి ఉన్న పిల్ల తల్లి.

"రేపు మధ్యాహ్నందాకా గుప్పెడమ్మ ఉంటుందా?" అంది కోడలు.

ఆయన రెండు చేతులూ జోడించారు.

"ఒక్క రోజు ఆగమ్మా," అన్నారు. "నీకు దణ్ణం పెడతాను. ఒక్క రోజు నోరు విప్పకు."

పొడాయన ఒకరిని బతిమాలడం కోడలు ఎప్పుడూ చూడలేదు. తన మీద ప్రేమకొద్దీ అలా అంటున్నారనుకుంది. కళ్లు చెమర్చాయి.

"నన్ను కాపాడాలని చూడకండి మావయ్యగారూ. అడుసు తొక్కింది నేను. కాలు కూడా నేనే కడుక్కోవాలి."

ఆయన ఏదో చెప్పబోయి నోరు తెరిచారు. తెరిచిన నోరు అలాగే మూసుకుపోయింది. కోడలు తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

గేటు దగ్గర భర్త పట్టుకున్నాడు.

"ఏం దాస్తున్నారు మీరిద్దరూ?"

"వచ్చాక చెప్తాను."

"ఇప్పుడు చెప్పు. ఆ పాప నా చెల్లెలి కూతురు. నాకు తెలియకూడనిదేంటి?"

"తెలియాలి. కానీ ముందు మీకు చెబితే మీరు వద్దంటారు. మీరు వద్దంటే నేను ఆగిపోతాను." బస్సు వస్తుంటే అతని చెయ్యి విడిపించుకుంది. "నాకు ఆగిపోవాలనే ఉందండీ. అందుకే చెప్పట్లేదు."

బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయింది. కూర్చుంటే లేవలేనేమోనని భయం. దిగాల్సిన చోటు ఇంకా రాకపోతే బాగుండునని ఒకసారి, ఈ డ్రైవరు ఇంత నెమ్మదిగా నడుపుతాడేమిటని ఒకసారి అనుకుంది. ఎన్ని పళ్లేలు, ఎన్ని పేర్లు రాసి పంపింది ఇన్నేళ్లలో. పేరు రాసి పంపాక ఆ మంచం మీది మనిషి ఏమయ్యాడని ఒక్కసారైనా వెళ్లి చూసిందా? ఈ ఆస్పత్రిలో పదకొండేళ్లుగా పనిచేస్తూ పై అంతస్తులోని పసిపిల్లల వార్డుకి ఆవిడ వెళ్లింది మేనకోడలు పుట్టిన తర్వాతే.

చిట్టి కుర్చీలోనే ఉంది. ఒళ్లో చిన్న పాలసీసా. అప్పుడే పిండిన పాలు, అడుగున రెండు వేళ్ల మందాన.

"ఇవ్వడం ఆపేశారు వదినా," అంది సీసా చూపించి. "అయినా తీస్తూనే ఉన్నా. తీయకపోతే పాలు పోతాయంట. అది కోలుకునేసరికి ఉండాలిగా."

కోడలు అద్దం వైపు తిరిగింది.

"నాన్న పొడి ఇంకో పొట్లం ఉంది నా దగ్గర," అంది చిట్టి గొంతు తగ్గించి. "ఈ నర్సులు అంతా ఆపేశారు గానీ, కడుపు బాగుపడాలంటే అదొక్కటే దారని నాన్న ఎప్పుడూ అంటారు కదా. డాక్టరమ్మని నువ్వొకసారి అడగవా? నువ్వడిగితే వింటుంది."

కోడలు చెయ్యి చాచింది. చిట్టి ఆశగా పొట్లం ఆ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని చించలేదు, పారేయలేదు, గుప్పిట్లో బిగించి పట్టుకుంది. అప్పుడే అద్దాల తలుపు తోసుకుని డాక్టరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, ముక్కుసూటి మనిషి. తియ్యటి అబద్ధాలు చెప్పదని ఆవిడకి పేరు.

"పొద్దుట్నుంచి ఒక్కసారే ఉచ్చ పోసింది," అంది చిట్టితో. "కిడ్నీలు అలిసిపోతున్నాయి. మందు పని మొదలుపెట్టినట్టు కనిపించట్లేదు. ఇంకో మందు కలుపుదామంటే రెండూ కలిపి ఈ పిల్ల తట్టుకోదు. ఏదో ఒకటే ఇవ్వాలి. ల్యాబు కాగితం రేపు గానీ రాదు, కాబట్టి అప్పటిదాకా ఉన్నదాన్నే నడిపిద్దాం."

"అది పనిచేయదు," అంది కోడలు.

డాక్టరమ్మ అప్పుడు చూసింది ఆవిడ వంక, మెడలోని కార్డు వంక. "పరీక్ష అయిపోయిందా?"

"లేదు."

"మరి మీకెలా తెలుసు?"

అక్కడ మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. ఫ్రిజ్ పాడవడం, తిండి డబ్బా, నూట నలభై రెండో సీసా, ఎర్ర గీత, అన్నీ. మాట తడబడలేదు. ల్యాబులో కాగితం మీద రాసినట్టే, ఒకదాని తర్వాత ఒకటి. చెబుతున్నంతసేపూ డాక్టరమ్మ మొహమే చూసింది. పక్కకి తిరిగితే చిట్టి కనిపిస్తుంది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని కోడలికి అనిపించింది. ఆవిడ ఫోను తీసి ల్యాబుకి కలిపి, నూట నలభై రెండో నంబరు చదివించుకుంది. రెండుసార్లు చదివించుకుంది. తర్వాత నర్సుని పిలిచి, "వార్డులో ఉన్న ఆ పొడి పొట్లాలన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా, నా బల్ల మీదికి రావాలి. ఎవరెవరికి ఎన్ని రోజులు పట్టారో రాయండి" అంది.

"మీరు," అంది కోడలి వైపు తిరిగి, "ఇదంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. పాప ఫైల్లో ఉండాలి. మీ మాట మీద మందు మారుస్తున్నాను. ఏమాత్రం అనుమానం ఉన్నా ఇప్పుడే చెప్పండి."

"అనుమానం లేదు," అంది కోడలు. ఆ రోజు ఆవిడ చెప్పిన మాటల్లో గట్టిగా చెప్పింది అదొక్కటే. కాగితం అందుకుని, గోడకి ఆనించి రాసి, సంతకం పెట్టింది.

డాక్టరమ్మ లోపలికి వెళ్లాక కూడా చిట్టి కుర్చీలోంచి కదల్లేదు. అక్కడ్నుంచే అంది.

"ఆ పొడి నేనే కలిపాను వదినా. నర్సు కలుపుతానంటే వద్దన్నాను. మా నాన్న చేసింది, నా చేత్తోనే ఇస్తానన్నాను."

"చిట్టీ..."

"నన్నలా పిలవకు."

కోడలు వెనక్కి తిరిగింది. అక్కడ ఉండే అర్హత తనకి లేదనుకుంది. రెండడుగులు వేసిందో లేదో వెనకనుంచి మళ్లీ అదే గొంతు, ఏ మాత్రం పెరక్కుండా.

"ఎక్కడికి? కూర్చో. ఏమవుతుందో నువ్వూ చూడాలి."

కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక కుర్చీ ఖాళీ. అద్దంలోంచి లోపల కనిపిస్తోంది. గాజుపెట్టెలో గుప్పెడమ్మ, వేలంత కాలికి అంటించిన గొట్టం, పక్కన నర్సు పాత మందు సీసా దించి కొత్తది తగిలించడం. మొదటి చుక్క, రెండో చుక్క. కోడలు చుక్కలు చూస్తూ ఊపిరి బిగబట్టింది. పనిచేస్తుంది. పనిచేసి తీరాలి. రాసి ఉంది కదా. నాకేమైనా కానీ, దీనికేం కాకూడదు. దేవుడి పేరు కూడా గుర్తురానంత భయంలో ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అనుకుంది.

పావుగంట గడిచిందో లేదో మెట్ల దగ్గర గబగబా అడుగుల చప్పుడు. ముందు భర్త, వెనక పొడాయన. ఆయన కాళ్లకి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు. చొక్కా గుండీలు ఒకటి కిందా ఒకటి పైనా పెట్టుకున్నారు.

"నీతో ఏదో చెప్పాలట," అన్నాడు భర్త రొప్పుతూ. "నాకు చెప్పట్లేదు. దారంతా ఏడుస్తూనే ఉన్నారు."

పొడాయన కోడలి ముందుకొచ్చి నిలబడ్డారు. "చెప్పేశావా?"

"చెప్పేశాను మావయ్యగారూ."

"మందు మార్చారా?"

"మార్చారు. ఎక్కుతోంది."

ఆయన గోడ పట్టుకుని అలాగే నేల మీదికి జారి కూర్చున్నారు. కొడుకు లేపబోతే చెయ్యి విదిలించారు.

"నువ్వు తెచ్చిన సీసా నేను వాడలేదమ్మా."

కోడలికి అర్థం కాలేదు.

"వాడలేదు," అన్నారు మళ్లీ. "ఆ రోజే మరుగుతున్న నీళ్లలో పడేశాను. ఆస్పత్రిది, ఎవరిదో ఏమిటో అని భయమేసింది. అంత కష్టపడి తెచ్చావు, వద్దంటే నొచ్చుకుంటావని చెప్పలేదు."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, కోడలికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. తను కాదు. తను తెచ్చింది కాదు. మరుక్షణంలో అడిగింది.

"మరి ఇప్పుడున్న తోడు ఎక్కడిది?"

ఆయన కొడుకు వంక చూశారు, కూతురి వంక చూశారు. వాళ్ల ముందు చెప్పలేక కళ్లు దించుకుని తన పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నారు.

"ముప్పై ఏళ్లు పొద్దున్నే లేచి నా పొడి నేనే ముందు నోట్లో వేసుకున్నాను. ఫ్రిజ్‌లో చస్తే చచ్చింది, నా కడుపులో బతికే ఉంటుంది కదా అనుకున్నా. నేను దొడ్డికి వెళ్లిందాంట్లోంచే తీసి పెంచాను. నాకు తెలిసిన పరీక్షల్లో పేరు అదే వచ్చింది. పాలు అలాగే తోడుకున్నాయి. వాసన కూడా అదే. నాది నాకు దొరికిందనుకున్నానమ్మా. పొద్దున్న నువ్వు చెబుతుంటే చెప్పాలనుకున్నా. నోరు రాలేదు. నా కంపు తీసి నా మనవరాలి నోట్లో పెట్టానని ఎలా చెప్పను?"

భర్త గోడ వైపు తిరిగిపోయాడు.

"ఎప్పుడు తీశారు?" అంది కోడలు. అడుగుతూనే తనకే తెలిసిపోయింది. ఆ ఫ్రిజ్ పాడైనా ఇంట్లో ఎవరూ ఎందుకు చూసుకోలేదు? చూసుకోవడానికి ఇంట్లో ఎవరు ఉన్నారు గనక. పిత్తాశయం ఆపరేషను చీముపట్టి ఆయన ఈ ఆస్పత్రిలోనే మూడు వారాలు పడి ఉంటే, ఇంటిల్లిపాదీ ఆ మంచం చుట్టూనే ఉన్నారు. రోజుకి నాలుగు రకాల మందులు ఎక్కించారు.

"ఇంటికొచ్చిన నాలుగో రోజున," అన్నారు పొడాయన.

అన్ని మందులు పడ్డ కడుపులో పాత కాపురస్థులు మిగలరు. ఖాళీ అయిన ఇంట్లోకి వార్డులో తిరిగే మొండి రకం దర్జాగా దిగుతుంది. కోడలు అలాంటివి వారానికి పది చూస్తుంది. ఆయన తన పాత తోడు అనుకుని మురిసిపోతూ పట్టుకున్నది దాన్నే అయి ఉండాలి. దానికి నంబరు లేదు. రిజిస్టరులో పేజీ లేదు. ఏ మందుకి లొంగుతుందో, దేనికి లొంగదో ఈ భూమ్మీద ఒక్క మనిషికీ తెలియదు.

"అది తెచ్చాను," అని ఆయన జేబులోంచి రుమాలు మూట తీశారు. మూటలో తోడు సీసా. "దీన్ని పరీక్ష చెయ్యి తల్లీ. ఇప్పుడే చెయ్యి."

"చేసినా తేలేది రేపేనండీ," అంది కోడలు. ఆ మాట తన గొంతులోంచే వచ్చిందని ఆవిడకి అనిపించలేదు.

లోపల ఏదో మిషను కూత పెట్టింది. నర్సు పరుగెత్తింది. డాక్టరమ్మ గాజుపెట్టె మీదికి వంగింది. భర్త అద్దం దగ్గరికి పోయి, లోపలికి చెయ్యి ఊపి, తలుపు సందులోంచి నర్సుకి 'పొడిలోది ఆస్పత్రి సీసాలోది కాదట' అని ఒక్క ముక్కలో చెప్పాడు. నర్సు వెళ్లి చెప్పింది. డాక్టరమ్మ తలెత్తి అద్దంలోంచి తిన్నగా కోడలి వైపు చూసింది. ఆవిడ చెయ్యి మందు గొట్టం మీదికి వెళ్లి అక్కడే ఆగింది.

చిట్టి లేచి వచ్చింది. తండ్రిని దాటుకుని, ఆయన వంక చూడనైనా చూడకుండా వచ్చి, వదిన మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది.

"నీ సంతకం చూసి మార్చారు," అంది. "ఇప్పుడు చెప్పు వదినా. ఇదే ఉంచమనాలా, పాతదే ఎక్కించమనాలా?"

కోడలికి తెలియదు. అద్దం అవతల డాక్టరమ్మ గొట్టం మీంచి చెయ్యి తీయకుండా జవాబు కోసం చూస్తూనే ఉంది.